గడి లోపల, గడి ముంగట

ఉత్తర తెలంగాణ సాంస్కృతిక చరిత్ర చెప్పేవారు ఒక బొమ్మ తప్పకుండా గీస్తారు. పైన హైదరాబాదు దర్బారు, దాని ఉర్దూ, ఫారసీ, ముషాయిరాలు. ఆ పక్కనే ధర్మపురి, మంథని పండితుల సంస్కృతం, గడుల్లో దొరల వైభోగం. ఎక్కడో అడుగున వీటి గాలి సోకని ఊళ్లు, ఆ ఊళ్లలో ఒగ్గుకథ, చిందు భాగవతం, బతుకమ్మ, అడవిలో గుస్సాడీ. పైది రాసినది, కిందిది పాడినది. పైది కాలంతో మారింది, కిందిది అనాదిగా అట్లాగే ఉంది. రెండింటి నడుమ రాకపోకలు లేవు, ఉన్నా అవి పైనుంచి కిందికే. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గురించి ప్రత్యేక సంచికలూ సభల్లో ఉపన్యాసాలూ చెప్పేది దాదాపు ఇదే. చిత్రమేమంటే ఈ ప్రాంతాన్ని చిన్నచూపు చూసినవారూ, దీన్ని నెత్తిన పెట్టుకున్నవారూ ఈ బొమ్మ దగ్గర ఏకమవుతారు. అక్కడ జానపదం తప్ప ఏముందని ఒకరంటారు. మా అసలు సంస్కృతి జానపదమే, తక్కినదంతా పరాయిదని మరొకరంటారు. గొంతు వేరు, లెక్క ఒకటే. ఆ లెక్కే తప్పు.

ఈ చట్రం ఇక్కడ పుట్టింది కాదు, కలకత్తా నుంచి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు కలకత్తాలో ఇంగ్లీషు చదివిన భద్రలోకులు ఒక దిక్కు, బట్‌తలా చవక పుస్తకాలు, కవిగానం, కాళీఘాట్ పటాలు మరో దిక్కు నిలబడ్డ మాట నిజం. వీధి పాటల్లోని అసభ్యతను అణచడానికి 1873లో పెద్దమనుషులు ఒక సంఘమే పెట్టుకున్నారు. సుమంత బెనర్జీ 1989లో వెలువరించిన గ్రంథం ఆ చీలికను విడమరిచి చూపింది. తెలుగు నేల మీద కూడా మద్రాసు రాజధాని పరిధిలో ఇలాంటిదే జరిగింది. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని వీరేశలింగం తూలనాడారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పూర్తి పాఠంతో అచ్చువేయిస్తే మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. ఇంగ్లీషు చదువు ఒక కొత్త వర్గాన్ని తయారుచేసిన చోట, ఆ వర్గం తన పరువును వీధికి దూరంగా కట్టుకున్న చోట ఈ చట్రం సరిగ్గానే కూర్చుంటుంది.

నిజాం రాజ్యంలో ఆ పని ఇంగ్లీషు చేయలేదు. 1880లలో ఫారసీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. కాబట్టి ఇంగ్లీషు ఉన్న చోట ఉర్దూను పెట్టి, భద్రలోకుల చోట నవాబులను, దేశ్‌ముఖులను, వకీళ్లను పెట్టి కలకత్తా పటాన్నే ఎలగందల మీద పరిచారు. పేర్లు మార్చినంత మాత్రాన పటం సరిపోదు. కచేరీలో కాగితం రాసేవాడికి ఉర్దూ అక్షరం వచ్చు, కచేరీ మెట్ల కింద కూర్చున్న రైతుకు రాదు. కానీ తకరారు, దస్తావేజు, జమాబందీ, ఫైసలా, బందోబస్తు అనే మాటలు ఇద్దరివీ. ఒగ్గు కథకుడు దేవుడి కొలువును కచేరీ అన్నా దర్బారు అన్నా వినేవాళ్లకు అర్థం విప్పి చెప్పాల్సిన పని లేదు. ఇట్లా కలిసిపోయిన తెలుగును కోస్తా పండితులు తౌరక్యాంధ్రమని వెక్కిరించారు. ఆ వెక్కిరింపులో తెలియకుండానే ఒక సాక్ష్యం ఉంది: దర్బారు భాష పశువుల కొట్టం దాకా వచ్చిందని ఒప్పుకున్నట్టే కదా.

కరీంనగర్ పాత నగరం కాదు. మానేరు ఒడ్డున కోట ఉన్న ఎలగందల పేరు మీదే జిల్లా నడిచింది. 1905 పునర్వ్యవస్థీకరణలో జిల్లాకు కరీంనగర్ పేరు స్థిరపడింది, అప్పుడే ఆదిలాబాదూ పూర్తి జిల్లా అయింది. ఒక కచేరీ, అదాలతు, ఖజానా, ఉర్దూలో చదువు చెప్పే ఫౌఖానియా బడి, నాలుగు వకీళ్ల ఇళ్లు, వాటిని ఆనుకుని అంగడి. ఇంత చిన్న పట్టణంలో దివాణమూ వీధీ వేరువేరుగా బతికే జాగా లేదు.

వేములవాడ దగ్గరి హనుమాజిపేటను చూస్తే ఈ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. 1931లో అక్కడ పుట్టిన సి. నారాయణరెడ్డి సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. చిన్నతనంలో చెవిన పడినవి ఊరి హరికథలు, జంగం కథలు. పెద్దయ్యాక చేసిన పరిశోధన ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాలు, ప్రయోగాల మీద. ఆయన గజల్ రాసినా, గేయకావ్యం రాసినా, సినిమా పాట రాసినా ఈ మూడు దారుల నడకా వినిపిస్తుంది. ఒగ్గుకథను రాష్ట్రమంతా ఎరిగించిన మిద్దె రాములుదీ ఆ ఊరే. రెండు సంస్కృతుల వాదులు వీరిలో ఒకరిని పై అరలో, మరొకరిని కింది అరలో పెడతారు. ఒక ఊరు ఒకే కాలంలో ఇద్దరినీ కన్నదెట్లా అనే ప్రశ్నకు మాత్రం వారి దగ్గర జవాబు లేదు.

ఆదిలాబాద్ వైపు ఇంకో ఉదాహరణ సామల సదాశివ. 1928లో తెనుగుపల్లెలో పుట్టి, ఆ జిల్లాలోనే బడిపంతులుగా, అధ్యాపకుడిగా బతికిన ఈ మనిషి హిందుస్తానీ సంగీత ఘరానాల గురించి, ఉస్తాదుల గురించి, ఉర్దూ కవుల గురించి తెలంగాణ ఇంటి మాటలో రాశారు. ఆయన స్వరలయలు గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఉర్దూ సంగీత ప్రపంచం దర్బారు గోడల మధ్యే ఉండిపోయి ఉంటే అడవి జిల్లాలోని ఒక తెలుగు పంతులు నోట అంత సొంత మాటలా పలికేది కాదు.

నగరం జానపదానికి పరాయిదనేవారు ‘పట్నం’ అనే మాటను కూడా ఒకసారి చూడాలి. తెలంగాణలో పట్నం అంటే హైదరాబాదు. మల్లన్న పెండ్లికి ఒగ్గు పూజారులు నేల మీద వేసేదీ పట్నమే. పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకు పొడి చేతి వేళ్ల సందున జారవిడుస్తూ గడులూ గీతలూ కలుపుతూ పోతారు. చూస్తుండగా నేల మీద కోటలాంటి ముగ్గు లేస్తుంది. డోళ్లు, తాళాలు మోగుతుంటే దేవుడి పెండ్లి ఆ పట్నం మీదే జరుగుతుంది, చివరికి భక్తులు దాన్ని తొక్కుతారు. నగరాన్ని గీయడం, దేవుణ్ని అందులో నిలపడం, తొక్కి చెరిపేయడం నగరమంటే ఎరుగనివారు చేసే పని కాదు.

చేతిపనుల దగ్గర ఈ వాదం మరీ తేలిపోతుంది. కరీంనగర్ వెండి తీగ పనినే తీసుకుంటే, హైదరాబాదు అమీరుల ఇళ్లలో అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలుగా అలంకరించినవి ఇవే. ఆ పని జరిగేది మాత్రం అవుసలి వాకిట్లో. వెండిని కరిగించి కడ్డీ పోసి, సాగగొట్టి, చిల్లుల ఉక్కు పట్టీలోంచి ఒక్కో చిల్లు తగ్గించుకుంటూ లాగుతారు. వెంట్రుకంత సన్నగా వచ్చాక రెండు పోగులు కలిపి పురి పెట్టి, చదును చేస్తారు. అప్పుడు అంచుకు గింజలు గుచ్చినట్టు నొక్కులు కనిపిస్తాయి. మందమైన తీగతో ఆకు చట్రం కట్టి, దాని లోపల ఈ సన్నతీగను పట్టుకారుతో చుట్టలు చుట్టి ఇరికిస్తారు. వెలిగారంతో కలిపిన టంకపు పొడి చల్లి ఊదుగొట్టంతో మంట పడితే చుట్టలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మంట ఒక్క క్షణం ఎక్కువైతే తీగ కరిగి ముద్దవుతుంది. రోజుల పని బుగ్గి. ఆ క్షణం ఎంతో చెప్పే పుస్తకం ఏ దర్బారులోనూ లేదు. అదే కొలిమిలో ఊరి ఆడవాళ్ల కడియాలు, కుంకుమ భరిణెలు, మొక్కు తీర్చుకునేవారి వెండి కండ్లు కూడా తయారవుతాయి. అత్తరుదానిలోని తీగ నాగరికమనీ, మొక్కు కన్నులోని వెండి జానపదమనీ ఎవరు విడదీయగలరు? 2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందులో నమోదైంది నవాబు పేరు కాదు, ఊరి పేరు.

నిర్మల్ కథ ఇంకా మెలికలు తిరిగింది. నకాషీ పనివారు తేలికైన పొనికి కర్రతో బొమ్మలు చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు వేసి, సుద్ద పూసి రంగులు దిద్దేవారు. 1930లలో సర్ అక్బర్ హైదరీ భార్య లేడీ హైదరీ చొరవతో కొందరు పనివారు హైదరాబాదు చేరారు, ప్రభుత్వ ఆదరణ దొరికింది. అక్కడి పెద్దింటి గోడలకు తగ్గట్టు అజంతా రూపాలు, మొగలు సూక్ష్మచిత్రాల నాయికలు వచ్చి చేరాయి. నల్లని నేల మీద బంగారు గీత మెరిసే ఆ పటాలకు కార్ల మీద కొట్టే డ్యూకో రంగు కూడా ఎక్కింది. ఇప్పుడు ‘శతాబ్దాల నిర్మల్ సంప్రదాయం’ అని కొనుక్కుపోయే పటం చాలావరకు ఆ కాలపు నగర డ్రాయింగ్ రూముకూ నిర్మల్ వాకిలికీ పుట్టిన బిడ్డ. దీన్ని శుద్ధ జానపదమంటే లేడీ హైదరీ నవ్వుకుంటుంది, నగర కళ అంటే నకాషీ నవ్వుకుంటాడు. శుద్ధి కోసం వెతికేవారి చేతికి చిక్కేది చివరికి డ్యూకో డబ్బా.

పద్యం పండితులది, పాట పామరులది అనే సామెతలాంటి విభజనకు ధర్మపురి నుంచే జవాబు ఉంది. శేషప్ప నరసింహ శతకం సీస పద్యాల్లో ఉంది. ఛందశ్శాస్త్రం ప్రకారం అది మార్గమా దేశియా అనే చర్చ పండితులకు వదిలేయవచ్చు. తెలుగు నాట సీసం ఏనాడో అందరి సొత్తయింది. పెద్దల కొలువు దొరకని బీదకవి గుడి ముందు నిలబడి దేవుణ్నే నిలదీస్తూ చెప్పుకున్న పద్యాలు అవి. ఖాన్గీ బడుల్లో పంతుళ్లు పెద్ద బాలశిక్షతో పాటు అటువంటి శతకాలు వల్లె వేయించేవారు. అక్షరం రాని రైతు మడి గట్టు మీద వాటిని పాడుకున్నాడు. ధర్మపురి రామాయణం పేరుతో యక్షగానం ఉన్నదీ ఈ క్షేత్రం మీదే. వేదం చదివే ఊరు ఆటకు కూడా కథ అందించింది.

చిందు భాగవతం దగ్గరికి వస్తే ‘మౌఖికం’ అనే ముద్ర అసలే అతకదు. చిందు మేళాలు ఆడిన యక్షగానాల్లో చెర్విరాల భాగయ్య వంటి కవులు రాసినవి ఎన్నో ఉన్నాయి. అందులో కందం ఉంది, ద్విపద ఉంది, దరువు ఉంది, వచనం ఉంది. అవి సికింద్రాబాదులో అచ్చయ్యేవి. అంటే ఇంగ్లీషు దండు దిగిన కంటోన్మెంటు పట్టణంలో యంత్రం మీద అచ్చయిన పుస్తకం, జాతరలో అణాలకు అమ్ముడై, ఒక అక్షరజ్ఞుడు చదివి వినిపిస్తే మేళమంతా కంఠతా పట్టి, మాదిగవాడ ముందు రాత్రంతా ఆడిన ఆట ఇది. అచ్చు యంత్రం, గొంతు, గజ్జె ఒకే వరుసలో నిలబడ్డ చోట మౌఖికమేది, లిఖితమేది? కలకత్తా బట్‌తలా పుస్తకాలను నగర సంస్కృతిగా లెక్కించేవారు సికింద్రాబాదు యక్షగానాలను మాత్రం పల్లె ఖాతాలో వేస్తారు. ఆ తేడా పుస్తకంలో లేదు, చూసే కంటిలో ఉంది.

రాకపోకలు ఒకే దిక్కున సాగాయనే మాటకు చెన్నూరు అడ్డం నిలుస్తుంది. గోదావరి ఒడ్డున ఉండి పోతన చరిత్రము అనే మహాకావ్యం రాసి అభినవ పోతన అనిపించుకున్న వానమామలై వరదాచార్యులు (1912–1984) వేదపాఠశాల నడిపిన పండితుడు. రైతుబిడ్డ పేరుతో బుర్రకథలు రాసిందీ ఆయనే. అంతకు ముందే హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, దళిత వాడల్లో సంస్కరణ భావాలు చెప్పడానికి హరికథను వాడుకున్నారు. బ్రాహ్మణ వేదికల మీద పేరు మోసిన ప్రక్రియ వాడకు వెళ్లింది, వీధి ప్రక్రియ పండితుడి బల్ల మీదికి వచ్చింది. ఏది ఎక్కినట్టు, ఏది దిగినట్టు?

ఆశ్రిత కులాల కథకుల దగ్గర విషయం ఇంకా చిక్కనిది. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడిగెలవారు, మాదిగలకు డక్కలివారు తరతరాలుగా కథ చెప్పారు. చేర్యాల నకాషీలు గజాల కొద్దీ బట్ట మీద గీసిన పటం కర్రకు వేలాడదీసి, ఒక్కో గడి విప్పుతూ కథ నడిపిస్తారు. సిరిసిల్ల వంటి నేతగాళ్ల ఊళ్లో మార్కండేయుడి సంతతి కథ విన్నవారికి అది వినోదం కాదు, తమ పుట్టుక దస్తావేజు. ఏ ఊరిపై ఎవరికి హక్కు, ఎంత రాబడి అనేది రాగి రేకుల మీద చెక్కించి దాచుకున్న కుటుంబాలున్నాయి. దర్బారు ఫర్మానా లాంటిదే అది కూడా. డక్కలివారి జాంబపురాణం మరో మెట్టు పైకి పోతుంది. భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడని చెప్పి, బ్రాహ్మణుడితో వాదానికి దిగి, పురాణాల ఆయుధాలతోనే పురాణాలను ఎదిరిస్తుంది. పండిత గ్రంథాల గాలి సోకనివారు ఆ గ్రంథాలకు ప్రతివాదం ఎట్లా కడతారు? ఎదురు చెప్పాలంటే ముందు పూర్తిగా విని ఉండాలి.

పీరీల పండుగ గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. కర్బలా శోకం కుతుబ్‌షాహీల ఆదరణతో నగరంలో పాదుకుని, ఊరూరి పీర్ల కొట్టంలో అసోయ్ దూలాగా, తెలుగు పాటగా మారింది. పీరీలను ఎత్తుకునేవారిలో చాలా చోట్ల హిందువులే ఎక్కువ. వేములవాడ రాజన్న గుడి ఆవరణలోని దర్గా కూడా ఈ మాటే చెబుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలికగా తోసేసేది కాదు. అంతా ఇంత కలగలుపే అయితే గడి గోడలు ఎందుకు లేచాయి? వెట్టి ఎవరు చేశారు? గడి లోపలి బతుకమ్మా వాడలోని బతుకమ్మా ఒకే చోట ఆడారా? ఆడలేదు. గోడ ఉన్నది, అది కరకు గోడ. కానీ రెండు సంస్కృతుల వాదం దాన్ని తప్పు చోట చూపిస్తుంది. అది రుచుల నడుమ, కథల నడుమ, రాగాల నడుమ లేదు. దొర విన్న కథే జీతగాడూ విన్నాడు. తేడా ఎక్కడంటే ఒకడు అరుగు మీద కూర్చుని విన్నాడు, మరొకడు గడి ముంగట నేల మీద.

చిందు ఆటలో ఎల్లమ్మ వేషం కట్టిన మనిషిని చూస్తే ఇది కళ్లకు కడుతుంది. ముఖానికి అర్దళం, నెత్తిన కిరీటం, భుజకీర్తులు, కాళ్లకు గజ్జెలు. ఆ రాత్రి ఆ వేషం ముందు పెద్దకులాల ఇల్లాళ్లు కూడా చేతులు జోడిస్తారు, కొబ్బరికాయ కొడతారు, ఒడిబియ్యం పోస్తారు. తెల్లారాక వేషం తీసిన అదే మనిషికి అదే ఇంటి వాకిట్లో దోసిట్లోకి పైనుంచి నీళ్లు వంచుతారు. రాత్రికీ పగటికీ మధ్య సంస్కృతి మారలేదు. కళ అదే, దేవత అదే, చూసినవారూ వారే. మారినది అంటు, కూలి, కూర్చునే చోటు. ఆ కళాకారిణుల ఇళ్లలోని ఆడపిల్లలను జోగినులుగా విడిచిన వ్యవస్థ కూడా ఈ గోడలోని ఇటుకే. దీన్ని ‘జానపద సంస్కృతి వేరు, శిష్ట సంస్కృతి వేరు’ అనే మెత్తటి మాటతో చెప్పడం అన్యాయాన్ని అభిరుచుల తేడాగా మార్చడమే. దోపిడీని సంస్కృతి ఖాతాలో రాస్తే దొరకు ఎంత సుఖమో చెప్పక్కర లేదు.

ఆ గోడకు రెండో భాగం పేరు. ఎవరి పేరు రాతలో నిలిచింది, ఎవరిది నిలవలేదు అన్నది. ఇది దొరల కాలంలో మొదలై, ఆశ్చర్యంగా, సంస్కర్తల కాలంలో గట్టిపడింది. 1921లో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది, గ్రంథాలయాలు పెరిగాయి, 1930 నుంచి నిజామాంధ్ర మహాసభలు జరిగాయి. 1935లో నాలుగో సభ మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలోనే జరిగింది. తెలుగుకు గౌరవం తెచ్చిన ఉద్యమమది, అందులో సందేహం లేదు. గేలి చేసినవారూ గేలికి గురైనవారూ ఇద్దరూ చదువుకున్నవారే అన్నది మాత్రం మరువరాదు. పోరు ఉన్నత వర్గానికీ జనానికీ మధ్య కాదు, ఉన్నత వర్గంలోనే రెండు చదువుల మధ్య.

గోలకొండ కవుల సంచిక ఈ చరిత్రలో గొప్ప ఘట్టం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ముడుంబ వెంకట రాఘవాచార్యులు రాసిన మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులను చూపి నోరు మూయించారు. అంత నిక్కచ్చి ఖండన తెలుగులో అరుదు. కానీ ఎదుటివాడి కొలబద్దను లాక్కుని అతన్నే కొట్టినప్పుడు ఆ కొలబద్ద నిజమైనదని ఒప్పుకున్నట్టూ అవుతుంది. కవి అంటే పద్యకవి అనే నియమాన్ని ఇరుపక్షాలూ ప్రశ్నించలేదు. ఆ లెక్కలో ఒగ్గు కథకుడికి, డక్కలి గురువుకు, పట్నం వేసే పూజారికి జాగా లేకపోయింది. వారు లేరని కాదు, వారిని కొలిచే కుంచం ఆ అంగట్లో లేదు. ప్రతాపరెడ్డి స్వయంగా ఈ కొరతను ఎరుగుదురనడానికి 1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్ర సాక్ష్యం. జనం ఆటలు, తిండి, బట్ట, వేడుకలు అన్నీ అందులో చరిత్ర అయ్యాయి. తర్వాత వచ్చినవారు సంచికను జెండాగా పట్టుకున్నారు, సాంఘిక చరిత్ర చూపిన దారిని అంతగా పట్టించుకోలేదు. అందుకే బిరుదురాజు రామరాజు వంటివారు జానపద గేయాలను విశ్వవిద్యాలయానికి తెచ్చేనాటికి వాటికి విడి గది తయారై ఉంది. ఆ గది తలుపు మీద ‘జానపదం’ అని రాసి ఉంది. అనాది నుంచీ వేరుగా ఉందని చెప్పే సంస్కృతికి ఆ పేరుపలక వయసు నూరేళ్లు కూడా లేదు.

రెండు సంస్కృతుల వాదం పూర్తిగా కుప్పకూలేది ఆదిలాబాద్ అడవిలో. గోండులను అది అట్టడుగు మెట్టు మీద, రాజ్యమూ రాతా ఎరుగనివారుగా నిలుపుతుంది. చాందా గోండు రాజ్యాన్ని నాగపూర్ భోంస్లేలు కలుపుకున్నది 1751లో. అంటే బ్రిటిష్ రెసిడెంటు హైదరాబాదులో కాలు మోపడానికి కొద్ది దశాబ్దాల ముందు దాకా వారిలో రాజులున్నారు, కోటలున్నాయి. గోండుల ఆశ్రిత గాయకులైన ప్రధానులు కీకిరి వాద్యం మీద పాడే గోండు వీరుల కథలు కులపెద్దల వంశావళిని, యుద్ధాలను, దేవతల రాకపోకలను వరసగా చెబుతాయి. ఒక రాజ్యపు కొలువు కవిత్వంలో వెతికే సరుకంతా అందులో ఉంది. రాజ్యం పోయాక, అడవి రిజర్వు అయ్యాక, పట్టాలు వలసవచ్చినవారి చేతికి పోయాక ఆ కవిత్వానికి గిరిజన జానపదమని పేరు పడింది. పాట మారలేదు, పాడించుకున్నవారి భూమి పోయింది.

1940లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం ఆ తిరుగుబాటు కారణాలు తెలుసుకోవడానికి మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌ను పిలిచింది. ఆయన మార్లవాయి అనే ఊళ్లో ఉండి చేసిన మేలు చిన్నది కాదు, ఇప్పటికీ ఆ ప్రాంతంలో ఆయన పేరు తలుచుకుంటారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో ఆయన మొదలుపెట్టించిన సమావేశానికి దర్బారు అనే పేరే స్థిరపడింది. నిజాం కొలువు మాట మెస్రం వంశం వారి దేవుడి ముందు కూర్చుంది, ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. మార్లవాయిలో 1943లో ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. వాటికి వాడిన లిపి దేవనాగరి. లిపి లేని భాషకు తాము లిపి ఇస్తున్నామనే భావన అందరిదీ.

మార్లవాయి ఉన్న ఆ ఉట్నూరు ప్రాంతంలోనే, నార్నూరు వైపు గుంజాల అనే ఊళ్లో కొన్ని ఇళ్లలో రాతప్రతులు ఉన్నాయి. గోండీకే ప్రత్యేకమైన అక్షరాలు, వాటి వరుస, గుణింతాలు, పాత కథలు, లెక్కలు. పద్దెనిమిదో శతాబ్ది నాటి రాతలు కూడా వీటిలో ఉన్నాయని పరిశోధకుల అంచనా. ఊళ్లోని కొందరు పెద్దలకు వాటిని చదవడం వచ్చు. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకుల శ్రమతో అవి లోకం దృష్టికి వచ్చింది ఇరవయ్యొకటో శతాబ్దంలో, అంటే మార్లవాయి వాచకాలు అచ్చయిన అరవై ఏళ్లకు. వాచకాలు వేసినవారు చెడ్డవారు కాదు, వెతకనివారూ కాదు. అడవిలో రాత ఉండదని ముందే నమ్మినవారు. ఉన్నత సంస్కృతి రాసింది, జనసంస్కృతి పాడింది అనే సూత్రం పక్క ఊరి పెట్టెలోని కాగితాన్ని కూడా కనబడనివ్వలేదు. గుంజాల పెద్దలు ఆ అక్షరాలను ఊరి పిల్లలతో దిద్దించారు. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది.